మెదడు గడ్డకు స్టెమ్ సెల్ వైద్యం: పొలం అమ్మి వెళ్లొచ్చా?

రేణిగుంటవాసి:
మా బావకు గ్లయోబ్లాస్టోమా అనే మెదడు క్యాన్సర్. ఆపరేషన్, రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కీమో మాత్రలు అన్నీ అయ్యాయి, గడ్డ మళ్లీ వచ్చింది. నిన్న చొక్కా గుండీ పెట్టుకోలేక తన కుడిచేతిని చూసుకుంటూ కూర్చుండిపోయాడు. ఒక ప్రైవేటు క్లినిక్‌లో స్టెమ్ సెల్స్‌తో మందును నేరుగా గడ్డకే పంపుతామంటున్నారు. పది లక్షలట. అక్క పొలం అమ్ముదామంటోంది. ఏం చేయమంటారు?

చిత్తూరు ఫార్మా:
అమ్మొద్దన్నా. ఆ వైద్యం వెనక ఉన్న ఆలోచన నిజమే. నాడీ మూలకణాలను, అంటే నాడీ వ్యవస్థ స్టెమ్ సెల్స్‌ను, ఎలుక మెదడులో ఒక పక్క పెడితే, రెండో పక్కనున్న గడ్డను వెతుక్కుంటూ వెళ్లాయని 2000లోనే చూపించారు. కత్తికి అందకుండా చెదిరిపోయిన క్యాన్సర్ కణాల దగ్గరకు కూడా చేరతాయి. కాలిఫోర్నియాలోని సిటీ ఆఫ్ హోప్‌లో ఈ కణాలకు ఒక ఎంజైమ్ అమర్చి, గడ్డ తీసిన చోట పెట్టారు. తర్వాత రోగి ఫ్లూసైటోసిన్ మింగుతాడు. అది మామూలుగా ఫంగస్ మందు. ఆ ఎంజైమ్ తగిలిన చోట మాత్రం 5-ఎఫ్‌యూ అనే కీమో మందుగా మారుతుంది. 2017లో ఫలితాలు వచ్చాయి. రోగులు 15 మందే, చూసింది ముఖ్యంగా ప్రమాదం ఉందా లేదా అని. ఆయుష్షు పెరుగుతుందని ఇంకా తేలలేదు.

పలమనేరు అక్క:
తేలేదాకా ఆగే టైమ్ వాళ్లకుందా తమ్ముడూ? 2005 నుంచీ అదే రేడియేషన్, అవే మాత్రలు. మాత్రలు కలిపితే కనీసం సగం మంది బతికిన కాలం 12.1 నెలల నుంచి 14.6కు పెరిగింది, అంతే. మా అమ్మ ఏడాది కూడా ఉండలేదు. ఆ 15 మందీ తెగించినవాళ్లే కదా!

చిత్తూరు ఫార్మా:
తెగింపును తప్పు పట్టనక్కా. దాన్ని అమ్ముకునేవాళ్ల మీదే నా కోపం. రక్తానికి సంబంధించిన జబ్బుల్లో చేసే మూలకణ మార్పిడి తప్ప, మిగతాదంతా అనుమతి ఉన్న ట్రయల్‌లోనే, అంటే రోగులపై చేసే పరిశోధనలోనే జరగాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల్లో ఉంది. ట్రయల్ అయితే రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ఇంకోటి, మాస్కోలో వేరే జబ్బుకు పిండం నుంచి తీసిన మూలకణాలు ఎక్కించుకున్న ఒక పిల్లవాడికి, ఆ దాత కణాల నుంచే మెదడులో గడ్డలు పెరిగాయి. 2009లో బయటపడింది. అన్నా, మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యే సీటీఆర్‌ఐ రిజిస్ట్రీలోని నంబరు ఇవ్వమని ఆ క్లినిక్‌ను అడగండి.

రేణిగుంటవాసి:
పొద్దున ఫోన్ చేసి అడిగాను. "ముందు అడ్వాన్స్ కట్టండి, అవన్నీ తర్వాత" అన్నారు. పొలం మాట ఆపేశాం. సోమవారం స్కాన్ కవరు తీసుకుని వేలూరు వెళ్తున్నాం, అక్కడ ట్రయల్స్ ఏమైనా ఉన్నాయేమో అడుగుతాను. అక్కా, మీ అమ్మగారికి చివర్లో ఫిట్స్ వచ్చేవా? రాత్రుళ్లు ఎలా చూసుకున్నారో చెప్పండి.