నిలబడ్డప్పుడు బాగానే ఉంది, దౌడులో గొంతు శబ్దం

ప్రశ్న: ఆరేళ్ల పందెపు గుర్రం. కదలకుండా ఉన్నప్పుడు నిమిషానికి 12 శ్వాసలు. జ్వరం లేదు, ముక్కు కారడం లేదు. దౌడు తీస్తే గొంతులో శబ్దం, చివర్లో వేగం పడిపోతోంది. వ్యాయామం మొదట్లో రెండు మూడుసార్లు దగ్గుతుంది. మత్తిచ్చి ఎండోస్కోపీ (గొంతులోకి కెమెరా గొట్టం పంపి చూడటం) చేసి అంతా బాగుందన్నారు. ఇంకేం చేయించాలండి?

జవాబు 1: శబ్దం ఊపిరి పీల్చేటప్పుడా, వదిలేటప్పుడా? ముందు అది తేల్చండి. దౌడులో ఒక అంగకు ఒకే శ్వాస. ముందుకాళ్లు నేలమీద బరువు మోస్తున్నప్పుడు వదులుతుంది, గాల్లో ఉన్నప్పుడు పీలుస్తుంది. ఫోన్‌లో రికార్డు చేసి డెక్కల చప్పుడుతో పోల్చుకోండి. పీల్చేటప్పుడు ఈలలా మొదలై గర్జనలా ముదిరితే స్వరపేటిక పక్షవాతాన్ని అనుమానించాలి. అది దాదాపు ఎప్పుడూ ఎడమవైపే, ఎందుకంటే స్వరపేటికను కదిలించే ఎడమ నరం ఛాతీలోకి దిగి మళ్లీ గొంతుకు వచ్చేంత పొడవు. వదిలేటప్పుడు గురగుర, ఉన్నట్టుండి వేగం తగ్గడం అయితే మెత్తటి అంగిలి స్థానం తప్పి గాలికి అడ్డుపడుతోందేమో. కొన్నిటికి శబ్దమే ఉండదు, అదొక తలనొప్పి.

జవాబు 2: మత్తు స్వరపేటిక కండరాలను వదులు చేస్తుంది కాబట్టి బాగున్నదాన్ని కూడా చెడ్డగా చూపగలదు. మీకు "బాగుంది" అనే వచ్చింది, కాబట్టి చిక్కు మత్తుతో కాదు. నిలబడ్డ గుర్రం గొంతులో దౌడు నాటి పీడనం ఉండదు, అసలు లోపం అక్కడ దాగుతుంది. రౌతు ఎక్కి, మామూలు కళ్లెంతో, మామూలు వేగంలో, అలసిపోయేదాకా పరుగెత్తిస్తూ చేసే ఎండోస్కోపీ అడగండి. తల వంచిన తీరు మారినా ఫలితం మారుతుంది.

జవాబు 3: దగ్గును ఎవరూ పట్టించుకోలేదు! పైన గొంతు, కింద ఊపిరితిత్తులు రెండూ కలిసే చెడవచ్చు. ముక్కుకు సంచి కట్టి లోతుగా ఊపిరి తీయించి స్టెతస్కోప్‌తో వినమనండి. తర్వాత 250 నుంచి 500 మి.లీ. సెలైన్‌తో ఊపిరితిత్తుల కడుగు పరీక్ష. ఆ కడిగిన ద్రవంలోని కణాల్లో న్యూట్రోఫిల్స్ (ఒక రకం తెల్ల రక్తకణాలు) 25 శాతం దాటితే తీవ్రమైన ఉబ్బసం వైపు మొగ్గు. ముందే స్టెరాయిడ్ వాడితే లెక్క తప్పుతుంది. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం ఉందేమో చూడటానికి పరుగు అయిన 60-90 నిమిషాలకు శ్వాసనాళంలోకి ఎండోస్కోప్ దించాలి.

ప్రశ్న అడిగినవారు: వీడియో చూశాను, శబ్దం ముందుకాళ్ల డెక్కలు నేలను తాకినప్పుడే వస్తోంది.

జవాబు 1: అయితే అంగిలి మీదే అనుమానం. దౌడు ఎండోస్కోపీ చూడకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోకండి.