లెగో సప్తగిరి బస్సు ఘాట్ ఎక్కేటప్పుడు ఆగిపోతోంది, ఏం మార్చాలో చెప్పండి

అన్నలూ అక్కలూ, మాది తిరుపతి. మా పాపకి కొండకి పోయే సప్తగిరి బస్సంటే ప్రాణం, అందుకే ఇంట్లో ఉండే లెగో టెక్నిక్ ముక్కలతో ఆ బస్సే కడతా ఉన్నాం, అట్టలతో హెయిర్‌పిన్ మలుపులు పెట్టి చిన్న ఘాట్ రోడ్డు కూడా చేసినాం. వెనక చక్రాలకి రెండు పసుపు టీటీ మోటార్లు, ముందు చక్రాలు పక్కకి తిప్పేదానికి ఎస్‌జీ90 సర్వో (చిన్న స్టీరింగ్ మోటార్), బండిని ఫోన్ నుంచి నడిపేదానికి ఈఎస్‌పీ32 బోర్డు, మోటార్లకి కరెంటిచ్చే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు, రెండు 18650 లిథియం సెల్స్ సిరీస్‌లో.

నేల మీద చక్కగా పోతాది. ఎత్తెక్కేటప్పుడు, అందులోనూ మలుపులో సర్వో తిరిగినప్పుడే, బోర్డు రీసెట్ అయిపోయి ఫోన్ నుంచి బ్లూటూత్ కట్ అవుతోంది. సర్వోకీ బోర్డుకీ రెండింటికీ కరెంటు ఎల్298ఎన్ మీదుండే 5 వోల్టుల పిన్ను నుంచే పోతోంది, దాని రెగ్యులేటర్ 500 మిల్లీ ఆంప్స్ దాకానే కదా, అక్కడే వోల్టేజ్ పడిపోతోందని నా అనుమానం. సర్వోకి వేరే బక్ కన్వర్టర్ (వోల్టేజ్ తగ్గించి ఇచ్చే చిన్న బోర్డు) పెడితే చాలా, లేకుంటే డ్రైవరే తీసేసి టీబీ6612 అనే ఇంకో డ్రైవర్ వేయాలా? ఎల్298ఎన్ తనలోనే దాదాపు 2 వోల్టులు తినేస్తాదంట.

ఇంకోటి, నాకు ఇదే పెద్ద దిగులు. మోటార్ షాఫ్ట్ రెండు పక్కలా చదునుగా ఉంటాది, లెగో యాక్సిలేమో ప్లస్ ఆకారం, హీట్ ష్రింక్ ట్యూబ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడిగి కలిపినా లోడ్ పడితే జారిపోతోంది. జిగురు పెట్టి ముక్కలు పాడు చేయడం ఇష్టంలేదు, పాప మళ్ళీ వాటితోనే ఇంకో బండి కట్టాల. తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఈ షాఫ్ట్‌నీ యాక్సిల్‌నీ కలిపే కప్లర్లు ఒకట్రెండు మాత్రమే త్రీడీ ప్రింట్ చేసిచ్చేవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.