గుల్‌మార్గ్ అడవిలో స్నోషూ నడక: మంచు ఎరుగని కుటుంబానికి సాధ్యమేనా?

ప్రశ్న: తుంగభద్ర తీరం (కర్నూలు)

అందరికీ నమస్కారం. జనవరి చివరి వారంలో నేను, నా భార్య, పదకొండేళ్ళ మా అమ్మాయి, అరవై రెండేళ్ళ మా నాన్నగారు కాశ్మీరు వెళ్ళి, గుల్‌మార్గ్‌లో మూడు రాత్రులు ఉండాలనుకుంటున్నాము. స్కీయింగ్ నేర్చుకొనేంత వ్యవధి గానీ ధైర్యం గానీ మాకు లేదు. అయితే బూట్లకు స్నోషూలు (మంచులో దిగబడకుండా కట్టుకొనే వెడల్పాటి పలకలు) కట్టుకొని, గైడు వెంట దేవదారు అడవిలో రెండు మూడు గంటలు నడిచి రావచ్చని తెలిసి ఆశ పుట్టింది. మా నాన్నగారు రోజూ ఉదయం నదివైపు నాలుగు కిలోమీటర్లు నడుస్తారు. మోకాళ్ళ బాధ లేదు కానీ రక్తపోటుకు మాత్ర వేసుకుంటారు. మాకు తెలిసిన చలి డిసెంబరులో తెల్లవారుజామున స్వెటర్ వేసుకొనేంతటిదే. ఈ నడకకు ముందుగా నేర్పు కావాలా, ఎటువంటి దుస్తులు కొనాలి, నాన్నగారిని వెంట తీసుకువెళ్ళవచ్చా అన్నవి నా సందేహాలు.

జవాబు 1: రేగడి చేను (అనంతపురం)

అన్నగారూ, నేను వెళ్ళి నడిచి వచ్చినవాడిని కనుక చూసింది చెబుతాను. మామూలు బూట్లతో ఆ మంచులో అడుగు వేస్తే కాలు మోకాలిదాకా దిగుతుంది. మళ్ళీ పైకి లాగడం వానకు నానిన నల్లరేగడిలో నడిచినంత పని. స్నోషూ ఒంటి బరువును వెడల్పాటి పలక మీద పరుస్తుంది కాబట్టి పాదం బెత్తెడు మాత్రమే దిగుతుంది. ఈ రోజుల్లో దొరికేవి అల్యూమినియం చట్రానికి గట్టి ప్లాస్టిక్ పట్టా బిగించినవి. బూటు ముందుభాగాన్ని పట్టీలతో కట్టేస్తారు, మడమ మాత్రం హవాయి చెప్పులో లేచినట్టే పైకి లేస్తుంది. అడుగున ఇనుప పళ్ళుంటాయి కనుక గట్టిపడిన మంచు మీద కూడా జారిపోము.

నేర్పు అక్కరలేదు గానీ మొదటి పావుగంట నవ్వులపాలు కావడానికి సిద్ధపడండి. అలవాటు ప్రకారం కాళ్ళు దగ్గరగా వేసి, నా ఎడమ స్నోషూ మీద నేనే కుడి కాలు మోపి బోర్లా పడ్డాను. లేవడానికి చెయ్యి ఆనిస్తే అది మోచేతివరకు మంచులోకి దిగిపోయింది. గైడు నవ్వకుండా వచ్చి, నా రెండు చేతికర్రలనూ మంచు మీద ఒకదానిపై ఒకటి అడ్డంగా పడుకోబెట్టి, అవి కలిసిన చోట అరచేయి ఆనించి లేవమన్నాడు. కాళ్ళు కాస్త ఎడంగా పెట్టడం, వెనక్కి అడుగు వేయకుండా అర్ధచంద్రాకారంగా తిరగడం, ఈ రెండూ వంటబడితే తక్కినదంతా మామూలు నడకే.

ఇంకో మాట. అక్కడి అడవిలో మీరు చూసేవి ఎక్కువగా ఫర్, పైన్ చెట్లు. కొమ్మల మీది మంచు ఉన్నట్టుండి బుట్టెడు నెత్తిన పడుతుంది, కాబట్టి కెమెరా పైకెత్తి చెట్టు కింద నిలబడకండి.

జవాబు 2: పెన్నా ఇసుక (కడప)

పై మిత్రుడు పడటం గురించి వివరంగా రాశారు. నా దృష్టిలో అసలు ఇబ్బంది చలి కాదు, చెమట. స్నోషూ నడక శ్రమతో కూడినది కనుక పది నిమిషాల్లో ఒళ్ళు వేడెక్కుతుంది. మన ఎండలకు హాయిగా ఉండే నూలు బనియను అక్కడ చెమటను పీల్చుకొని ఒంటికి అంటుకుపోతుంది, ఆగిన మరుక్షణం వణుకు మొదలవుతుంది. అందుచేత లోపల ఉన్నిది గానీ త్వరగా ఆరే పాలియెస్టర్‌ది గానీ, మధ్యలో వెచ్చటిది, పైన గాలీ తడీ చొరనిది వేసుకొని, బయలుదేరేటప్పుడు కొద్దిగా చలి అనిపించేలా ఉండాలి. ఇవన్నీ కొననవసరం లేదు. పైకోటు, బూట్లు అక్కడ అద్దెకు దొరుకుతాయి, లోపలి జతా మేజోళ్ళూ మాత్రం సొంతవి తీసుకువెళ్ళండి. కొత్త మంచు అతినీలలోహిత కిరణాలను 80 శాతం దాకా తిప్పికొడుతుంది కనుక చల్లద్దాలు అలంకారం కోసం కాదు, కళ్ళ కోసమే.

నాన్నగారి విషయంలో తొందర వద్దు. గుల్‌మార్గ్ దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉంది. గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే సుమారు ముప్పాతిక వంతే. పైగా చలికి రక్తనాళాలు ముడుచుకొని రక్తపోటు పెరుగుతుంది. డాక్టరుగారు సరేనన్నాకే ఆయన పేరు ఇవ్వండి. చేరిన రోజు విశ్రాంతి తీసుకోండి, నడక మర్నాడు పెట్టుకోండి. 3,900 మీటర్లు దాటించే రెండో దశ గొండోలాను (కొండ మీదికి తీసుకువెళ్ళే కేబుల్ కారును) అదే రోజున కలపకండి. దాహం వేయకపోయినా నీళ్ళు తాగాలి. జేబులో నాలుగు శెనక్కాయ ఉండలు ఉంటే చాలు, చలికి రాయిలా గట్టిపడినా నోట్లో పెట్టుకుంటే కరుగుతాయి.

జవాబు 3: బురుజు నీడ (కర్నూలు)

ఇద్దరూ చెప్పినది నిజమే కానీ "మామూలు నడకే" అన్న మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. గైడు లేకుండా రెండో రోజు మనమే వెళ్ళొద్దామనిపించేది ఆ మాట వల్లనే. మంచు చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో విరిగిపడతాయి, కొత్తవారి కంటికి ఆ వాలు ఆటస్థలంలా కనిపిస్తుంది. పెద్ద చెట్ల మొదళ్ళ చుట్టూ, కిందికి వంగిన కొమ్మల చాటున, వదులు మంచు కప్పిన గుంతలుంటాయి. అందులో పడినవారు ఒంటరిగా పైకి రావడం కష్టం. పాప చెట్టు దగ్గరికి పరుగెత్తకుండా ముందే చెప్పండి.

అద్దె విషయంలో మా అనుభవం చేదుగా ఉంది. ఒక దుకాణంలో మా అబ్బాయికి పెద్దల స్నోషూ అంటగట్టారు. గంట నడిచేసరికి వాడి తొడలు పట్టేశాయి, మడమ పట్టీ కూడా తెగింది. పిల్లల కొలతవి అడిగి, ప్రతి పట్టీనీ చేతి తొడుగులతోనే బిగించి విప్పి చూశాక డబ్బు ఇవ్వండి. ధరలో బూట్లు, కర్రలు కలిసి ఉన్నాయో లేదో ముందే తేల్చుకోండి.

చిల్లై కలాన్ అనే నలభై రోజుల గట్టి చలి డిసెంబరు 21న మొదలై జనవరి ఆఖరుకు ముగుస్తుంది కనుక మీ తేదీలు బాగానే ఉన్నాయి. అయినా 2024 జనవరిలో నెలలో చాలాభాగం గుల్‌మార్గ్‌లో మంచే లేదు, అందువల్ల రద్దు చేసుకోగలిగే బుకింగులే చేయండి. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. చలికి ఛార్జింగ్ త్వరగా పడిపోతుంది, ఫోనును లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోండి.

తుంగభద్ర తీరం (కర్నూలు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. శనివారం నాన్నగారిని డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళుతున్నాను. ఆయన వద్దంటే నాన్నగారు హోటలు కిటికీ దగ్గర కూర్చుంటారు, మేము ముగ్గురం గైడుతో వెళ్ళి వస్తాము. ఈ సంగతి ఇంకా ఆయనకు చెప్పలేదు. నిన్ననే బజారుకు వెళ్ళి మంకీ క్యాప్ కొనుక్కొచ్చుకున్నారు. అది ఉన్నిదో నూలుదో ఇప్పుడు చూడాలి.