బాండ్ నవలలో బాండ్ ఏడీ?

రాయగడ పాఠకుడు:
ఇయాన్ ఫ్లెమింగ్ రాసిన జేమ్స్ బాండ్ గూఢచారి నవలల్ని 1953లో వచ్చిన మొదటిదాన్నుంచి వరసగా చదువుకుంటూ వస్తున్నాను. 'థండర్‌బాల్' అయ్యాక దాని తర్వాతది, 'ది స్పై హూ లవ్డ్ మి', బరంపురంలో పాత పుస్తకాల్లో దొరికింది. రాయగడలో గుంటూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కి తెరిచాను. పార్వతీపురం దాటింది, బొబ్బిలి దాటింది, మనవాడి జాడ లేదు. వివియెన్ అని ఒక కెనడా అమ్మాయి తన కథ తనే చెప్పుకుపోతోంది. క్యూబెక్‌లో చిన్నతనం, ఇంగ్లండ్‌లో చదువు, మోసం చేసిన ఇద్దరు మగాళ్లు, తర్వాత వెస్పా వేసుకుని అమెరికా మీదుగా ఒంటరి ప్రయాణం. చివరికి అడిరాండాక్ కొండల్లో, సీజన్ అయిపోయి మూసేస్తున్న మోటెల్‌కి కాపలా ఉంటే ఇద్దరు రౌడీలు దిగుతారు. పుస్తకం మూడింట రెండొంతులు అయ్యాక, కారు టైరు పంక్చరై బాండ్ గారు తలుపు కొడతారు!

పోనీ కుట్ర ఏమైనా గొప్పదా అంటే, ఓనరు ఇన్సూరెన్స్ డబ్బు కోసం మోటెల్‌ని తగలబెట్టించాలనుకోవడం. ముందు నవలలో రెండు అణుబాంబులు ఎత్తుకెళ్లారండీ! ఇది మా ఎస్సై గారు చూసుకునే కేసు. ఇదే పేరుతో వచ్చిన 1977 సినిమాలో జలాంతర్గాములు మాయమవుతాయి కదా, అదేదీ ఇందులో లేదేం? నాకు అంటగట్టింది అసలు పుస్తకమేనా? ఇక మీదట కూడా ఇంతే అయితే ఇక్కడితో ఆపేస్తాను.

జయపురం మాస్టారు:
అసలుదే బాబూ, అనుమానం వద్దు. 1962లో వచ్చినప్పుడు అక్కడి విమర్శకులూ నీలాగే తిట్టిపోశారు. కుర్రకారు బాండ్‌ని ఆదర్శంగా చూస్తున్నారని ఫ్లెమింగ్‌కి దిగులు పట్టి, తుపాకీకి అవతలి వైపు నిలబడ్డ మనిషి కళ్లతో అతన్ని చూపిద్దామని రాశాట్ట. ప్రయోగం బెడిసికొట్టిందని తనే ప్రచురణకర్తకి ఉత్తరం రాసి, మళ్లీ అచ్చు వేయొద్దు, చవక ప్రతి తేవొద్దు అన్నాడు. ఆయన 1964లో పోయాడు, బ్రిటన్‌లో పేపర్‌బ్యాక్ 1967లో గానీ రాలేదు. సినిమా వాళ్లకి కూడా పేరు మాత్రమే ఇచ్చాడు, కథ ఇవ్వలేదు, అందుకే వాళ్లు కొత్త కథ అల్లుకోవాల్సి వచ్చింది. ఇందులో రౌడీల్లో ఒకడికి స్టీలు తొడుగుల పళ్లు ఉంటాయి చూడు, సినిమాలో ఆ ఇనప పళ్లవాడికి మూలం వాడే.

పర్లాకిమిడి అమ్మాయి:
బాండ్ ఆలస్యంగా వచ్చాడని నాకేం బాధ లేదు. నిజానికి బాండ్ లేని భాగమే బాగుంది. విండ్సర్‌లో సినిమా హాల్లో మేనేజరు చూసి, వివియెన్‌నీ ఆమె ప్రియుణ్నీ అందరి ముందూ బయటికి గెంటేసే చోట ఆ పిల్ల పడే సిగ్గు చదువుతుంటే నాకే మొహం కాలిపోయింది. ఆ ప్రియుడు అంతా అయ్యాక చల్లగా జారుకోవడం కూడా అచ్చం జరిగేదే. అలా తన కాళ్ల మీద తను నిలబడి, రౌడీలకి ఎదురుతిరిగిన పిల్ల, బాండ్ గుమ్మంలోకి రాగానే నోరు పడిపోయి భక్తురాలైపోతుంది. బలవంతం గురించి ఫ్లెమింగ్ ఆమె చేత ఒక మాట అనిపించాడు, దాన్ని ఏ ఆడమనిషీ అనదు, అది రాసిన మగాడి మాటే. చివర్లో పోలీసు కెప్టెన్ వచ్చి, ఇలాంటి మగాళ్లకి దూరంగా ఉండమ్మా అని తండ్రిలా బోధ చేస్తాడు. మాస్టారు చెప్పిన ఉద్దేశం అక్కడ బయటపడుతుంది గానీ, అప్పటిదాకా హారతి పట్టి ఆఖర్న అక్షింతలు వేస్తే ఎవరు నమ్ముతారు?

గుణుపూర్ గురుడు:
రాయగడ బ్రదర్, నువ్వింకా ఆఖరి బాండ్ నవల 'ది మ్యాన్ విత్ ది గోల్డెన్ గన్' చదవలేదు, అప్పుడు తెలుస్తుంది నిరాశంటే. బాండ్ వచ్చి బాస్‌నే చంపబోయే మొదలు చూసి పొంగిపోయాను. తర్వాత జమైకాలో అంతా నీరుగారిపోయింది.

జయపురం మాస్టారు:
దాన్నీ దీన్నీ ఒక గాటన కట్టకు గురుడూ. ఫ్లెమింగ్‌కి మొదటి ప్రతి గబగబా రాసేసి, తర్వాత తిరగరాస్తూ తిండి, దుస్తులు, ఊళ్లు అన్నీ నింపే అలవాటు. దానికి ఆ రెండో చెయ్యి సరిగా పడకుండానే కన్నుమూశాడు, 1965లో అచ్చయింది. ఇదేమో ఒళ్లు తెలిసి రాసింది. నన్నడిగితే చెడగొట్టిన పుస్తకం ఇదే, అది సగంలో ఆగిపోయిన పుస్తకం.

రాయగడ బాబూ, ఆపకు. తర్వాతది 1963 నాటి 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. బాండ్ మొదటి పేజీ నుంచే ఉంటాడు. దాని ముగింపు గురించి ఇక్కడ ఎవరూ నోరు జారొద్దు, ముఖ్యంగా గురుడు.

రాయగడ పాఠకుడు:
థాంక్స్ మాస్టారూ. అది ఇక్కడ ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, చదివి ఇచ్చేస్తాను. ఈ మోటెల్ పుస్తకం కావాలంటే తీసుకోండి, డబ్బులొద్దు.

గుణుపూర్ గురుడు:
నా దగ్గర ఉంది, ఆదివారం రాయగడ వస్తున్నా. చివరి పేజీలు చింపి తెమ్మంటావా?