మా అబ్బాయి బౌలింగ్ యాక్షన్ మార్చాలా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా వాడికి 15 ఏళ్లు, కుడిచేతి ఫాస్ట్ బౌలర్. గుంటూరులో నేర్చుకుంటున్నాడు. రెండు నెలలుగా నడుము కింద, ఎడమ పక్క నొప్పి అంటున్నాడు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ప్రస్తుతానికి బౌలింగ్ ఆపించాను.

ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేములతో పక్కనుంచీ వెనకనుంచీ వీడియో తీశాను. వెనక పాదం పడినప్పుడు తుంటి బ్యాటర్ వైపు ఉంటోంది, భుజాలు మాత్రం పక్కకు తిరిగి, బంతి వేసేలోపు ఇంకా వెనక్కి మెలి తిరుగుతున్నాయి. దీన్నే మిక్స్‌డ్ యాక్షన్ అంటారని, వెన్నుపూసలో స్ట్రెస్ ఫ్రాక్చర్‌కు (పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నని పగులు) ఇదొక కారణమని చదివాక నిద్ర పట్టడం లేదు. ముందు కాలు నేలను తాకేటప్పుడు ఒంటి బరువుకు ఎన్నో రెట్ల బలం నేల నుంచి కాలి మీదుగా పైకి వస్తుందట. మోకాలు నిటారుగా ఉంటే రనప్ (బంతి వేసే ముందు పరుగు) వేగం బంతికి బాగా అందుతుంది, కానీ ఆ దెబ్బ నడుముకూ తగులుతుంది. కోచ్ గారేమో యాక్షన్ ముట్టుకుంటే స్పీడ్ పోతుందంటున్నారు. ఆయన అనుభవాన్ని కాదనలేను, కానీ పిల్లాడి వెన్ను నాకు ముఖ్యం.

ఎమ్మారై తీయించాలా? భుజాలను తుంటితో ఒకే వరుసకు తెస్తే వేగం నిజంగా తగ్గుతుందా? ఈ వయసులో యాక్షన్ మార్చుకున్నవాళ్లకు ఎన్నాళ్లు పట్టింది? చెన్నై శ్రీరామచంద్ర యూనివర్సిటీలో బయోమెకానిక్స్ పరీక్ష (ఒంటి కదలికలను, వాటిలోని బలాలను కొలిచేది) చేయించినవాళ్లుంటే, మామూలు కుర్రాళ్లను కూడా తీసుకుంటారా, ఖర్చెంత అయిందో దయచేసి చెప్పండి.