సంగటిలో ఉండలు కట్టకుండా ఎట్లా కెలకాలి?

అందరికీ నమస్తే. మాది అనంతపురం. మా అత్తమ్మకు షుగర్ ఉందని ఈమధ్య రాత్రిపూట అన్నం తగ్గించి, వారంలో మూడు రోజులు రాగిసంగటి, రెండు రోజులు జొన్నరొట్టె చేస్తున్నాను. రొట్టె బాగానే వస్తోంది. సంగటి దగ్గరే నాకు టెన్షన్.

గ్లాసు బియ్యం గంటసేపు నానబెట్టి, నాలుగు గ్లాసుల నీళ్లు పోసి మెత్తగా ఉడికిస్తాను. అందులో గ్లాసున్నర రాగిపిండి కుప్పగా పోసి, కలపకుండా మూతపెట్టి, సన్నమంట మీద పది నిమిషాలు ఉంచుతాను. తర్వాత తెడ్డుతో కెలుకుతాను. ముద్ద చేస్తే పైకి నున్నగా, నల్లగా చక్కగానే కనిపిస్తుంది. తుంచితే మాత్రం లోపల బఠాణీ గింజంత ఉండలు, వాటి మధ్యలో తెల్లగా తడవని పిండి! నిన్న మా పాప నోట్లో అదే పడి, పళ్లెం పక్కకు నెట్టేసింది. నాకు చాలా బాధేసింది. ఇదివరకు అత్తమ్మే కెలికేది, ఇప్పుడు ఆమెకు చేతుల్లో బలం లేదు. పక్కన నిలబడి చెబుతుంది కానీ, అంతా చేతి అంచనాయే.

నీళ్లు తక్కువవుతున్నాయా? పిండి పోసేముందు కొంచెం గంజి తీసిపెట్టుకొని, కెలికేటప్పుడు పోసుకోవాలా? పిండిని ముందే చన్నీళ్లలో జారుగా కలిపి పోస్తే ముద్ద గట్టిగా వస్తుందా?

ఇంకొకటి. చెనిక్కాయల ఊరిబిండి, గోంగూర పప్పు పిల్లలకు కారమవుతున్నాయి. సంగటిలోకి వాళ్లు ఇష్టంగా తినే కూర ఏదైనా ఉంటే కొలతలతో చెప్పండి. రోజూ చేసేవాళ్లు చెబితే ఇంకా మేలు.