ఫ్లాట్ ఇద్దరి పేరు మీద ఉంది, లోన్ ఇంకా తీరలేదు, విడాకులకు ముందే రిలీజ్ డీడ్ (నా వాటా వదులుకునే పత్రం) రాసిమ్మంటున్నారు. రాసివ్వాలా?

అజ్ఞాత సభ్యురాలు, హైదరాబాద్

అందరికీ నమస్తే. మ్యూచువల్ కన్సెంట్ విడాకులకు ఇద్దరం ఒప్పుకున్నాం, పిటిషన్ ఇంకా వేయలేదు. ఆయన ఏడాదిన్నరగా కొండాపూర్‌లో అద్దెకుంటున్నారు. నేనూ పాపా మియాపూర్‌లో మా ఫ్లాట్‌లోనే ఉన్నాం. 2018లో 62 లక్షలకు కొన్నాం. సేల్ డీడ్‌లో ఇద్దరి పేర్లూ ఉన్నాయి, లోన్‌లో నేను కో-అప్లికెంట్‌ని. ఈఎంఐ ఆయన అకౌంట్ నుంచే వెళ్తుంది. డౌన్ పేమెంట్‌లో 9 లక్షలు మా నాన్నగారు ఇచ్చారు. ఇప్పుడు మా బ్లాకులో ఇలాంటి ఫ్లాట్లు 95 లక్షలకు పోతున్నాయి. లోన్ 31 లక్షలు మిగిలింది.

పోయిన ఆదివారం పెద్దమనుషులు కూర్చున్నారు. ఫ్లాట్ వదిలేస్తే నాకు 15 లక్షలు, అదీ మూడేళ్లలో ఇస్తారట. ఆ మాట వంద రూపాయల స్టాంపు పేపరు మీద రాసి నోటరీ చేయిస్తారట. రిలీజ్ డీడ్ మాత్రం ఈ నెలలోనే చేసిచ్చేయాలట. పాప తొమ్మిదో తరగతి, స్కూలు పక్క వీధిలోనే. పదో తరగతి అయ్యేదాకా ఇక్కడే ఉండాలని నా ఆశ. ఇల్లు ఖాళీ చేస్తే హక్కు పోతుందని ఒకాయన భయపెట్టారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

సభ్యురాలు, విజయవాడ

అక్కా, లాయర్‌కి చూపించకుండా దేనిమీదా సంతకం పెట్టకండి. మా పిన్ని కూతురు రిలీజ్ డీడ్ రాసిచ్చేసింది, లోన్‌లో పేరు మాత్రం అలాగే ఉండిపోయింది. ఏడాది తిరక్కుండానే ఆయన ఈఎంఐలు ఆపేశాడు. రికవరీ వాళ్ల ఫోన్లన్నీ ఈమెకే. సిబిల్ స్కోరు పడిపోయి చివరికి స్కూటీకి కూడా లోన్ రాలేదు.

సభ్యుడు, కరీంనగర్

అంత అనుమానం ఎందుకండీ? ఈఎంఐ అంతా కట్టింది ఆయనే కదా. 9 లక్షలు పెట్టినవాళ్లకి 15 ఇస్తామంటున్నారు, అన్యాయమేం కాదు.

ఫ్యామిలీ కోర్టులో ప్రాక్టీస్ చేసే లాయర్

కరీంనగర్ సోదరుడి మాటతో మొదలుపెడతాను, కోర్టుకెళ్తే అవతలి లాయరూ అదే అంటాడు. ఎవరెంత పెట్టారో రుజువు లేకపోతే ఇద్దరివీ సమాన వాటాలే అనుకుంటుంది చట్టం. రుజువుంటే పెట్టినదాన్నిబట్టి వాటా అనే వాదన వస్తుంది (ఆస్తి బదిలీ చట్టం 45వ సెక్షన్). అందుకే మేడమ్, మీ నాన్నగారి అకౌంట్ నుంచి ఆ 9 లక్షలు వెళ్లిన స్టేట్‌మెంట్ ముందు సంపాదించండి. ఇంటి ఖర్చులు మీ జీతంలోంచి వెళ్తుంటే ఆ లెక్కా తీసిపెట్టండి. ఆయన ఈఎంఐ కట్టగలిగింది మీరు ఇల్లు నడిపారు కాబట్టే అని చెప్పడానికి పనికొస్తుంది. సమాన వాటాలైతే 95లో 31 పోను 64 లక్షలు, అందులో మీ సగం 32. వాళ్లంటున్న 15 దానికి సగం కూడా కాదు, పైగా వడ్డీ లేకుండా మూడేళ్ల వాయిదాలు.

ఇక హక్కు సంగతి. పెళ్లయినంత మాత్రాన ఒకరి ఆస్తిలో రెండోవారికి సగం వస్తుందనే చట్టం మన దేశంలో గోవాలో తప్ప లేదు. అమెరికాలో ఉన్న బంధువులు చెప్పే లెక్కలు ఇక్కడ నడవవు. మామూలుగా దస్తావేజులో పేరున్నవాళ్లదే ఆస్తి, మీ పేరుంది. ఇల్లు ఖాళీ చేసి పుట్టింటికి వెళ్లినంత మాత్రాన ఆ వాటా పోదు. ఉంటానంటే మిమ్మల్ని బలవంతంగా పంపేయడమూ కుదరదు. కాపురమున్న ఇల్లు ఎవరి పేరు మీదున్నా అందులో ఉండే హక్కు భార్యకు 2005 గృహ హింస చట్టం 17వ సెక్షన్ ఇచ్చింది. మీరైతే ఓనరు కూడా.

నోటరీ కాగితంతో విడాకులూ రావు, ఫ్లాటూ చేతులు మారదు. స్థిరాస్తిలో హక్కు వదులుకునే పత్రం రిజిస్టర్ కావాల్సిందే. వాళ్ల ప్లాన్‌లో మీరు ఇచ్చేది సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో పక్కాగా నమోదవుతుంది, మీకు రావాల్సింది మాత్రం వంద రూపాయల పేపరు మీద ఉంటుంది. ఈ తేడా ఆ పెద్దమనుషులకు తెలియక కాదు.

ఇంకో చిక్కుంది. పిటిషన్ వేసి (మొదటి మోషన్), ఇద్దరూ మళ్లీ కోర్టుకొచ్చి విడాకులు కావాలని చెప్పడానికి (రెండో మోషన్) మామూలుగా ఆరు నెలలు ఆగాలి. తగిన కేసుల్లో ఆ గడువు మాఫీ చేయొచ్చని 2017లో అమర్‌దీప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, కానీ డిక్రీ వచ్చేదాకా ఇద్దరిలో ఎవరైనా మనసు మార్చుకోవచ్చు. మీరు ఇప్పుడే రాసిచ్చేసి, తీరా ఆయన రెండో మోషన్‌కు రాకపోతే? ఫ్లాటూ పోయె, విడాకులూ రాకపోయె. కాబట్టి షరతులన్నీ పిటిషన్‌లోనే రాయించండి. రిజిస్ట్రేషన్ మొదటి మోషన్ తర్వాత, రెండో మోషన్‌కు ముందు పెట్టుకోండి. డబ్బు డిమాండ్ డ్రాఫ్ట్‌గా చేతికొచ్చాకే వేలిముద్ర వేయండి. డిక్రీకి ముందే ఎందుకంటే, భార్యాభర్తల మధ్య ఆస్తి మారితే దాన్ని గిఫ్టుగా చూసి ఆదాయపు పన్ను వేయరు. డిక్రీ అయ్యాక ఆ బంధుత్వం లెక్కలోకి రాదు. పత్రాన్ని రిలీజ్ అనాలా, సెటిల్‌మెంట్ అనాలా అన్నదాన్నిబట్టి స్టాంపు డ్యూటీ, పన్ను మారతాయి. ఆ ఒక్క విషయం ఆడిటర్‌ని అడగండి.

ఒప్పందం కుదరకపోతే భాగ పంపిణీ దావా ఉంది. ఫ్లాట్‌కి మధ్యలో గోడ కట్టి పంచలేరు కాబట్టి, 1893 నాటి పార్టిషన్ చట్టం కింద అమ్మించి డబ్బు పంచే వీలుంది. ఒకరు అమ్మకం అడిగితే, కోర్టు కట్టిన విలువకు రెండోవారు ఆ వాటా కొనుక్కోవచ్చు. ఏళ్లు పడుతుంది, అది ఆఖరి దారి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి, లోన్ సెక్షన్

లాయర్ గారు చెప్పని ముక్క ఒకటి. "ఈఎంఐ భర్తే కట్టాలి" అని డిక్రీలో ఉన్నా బ్యాంకుకు దానితో పని లేదు. సంతకం పెట్టిన ఇద్దరిలో ఎవరినుంచైనా మొత్తం బాకీ వసూలు చేసుకుంటుంది. పైగా ఫ్లాట్ తాకట్టులో ఉంది, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా రిలీజ్ డీడ్ అంటేనే తప్పు.

ఆయన తన ఒక్కరి జీతం మీద ఆ లోన్ మళ్లీ రాయించుకోవాలి, లేదా వేరే బ్యాంకుకు మార్చుకోవాలి. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్‌ను ముందే తీర్చేస్తే పెనాల్టీ లేదు. పాత 31, మీ 32 కలిపి 63 లక్షలకు ఆయనకు అర్హత ఉందా అన్నదే అసలు ప్రశ్న. ఉంటే శాంక్షన్ లెటర్ చూపించమనండి. లేదంటే ఆ ఫ్లాట్ నిలబెట్టుకునే స్తోమత ఆయనకు లేనట్టే, అమ్మేయడమే మేలు.

అజ్ఞాత సభ్యురాలు, హైదరాబాద్

చాలా థాంక్స్ అండి. ఆయనకు అంత లోన్ రాదు, నాకు తెలుసు. పాప పదో తరగతి అయ్యేదాకా ఆగి అప్పుడు అమ్ముకుందామంటే కుదురుతుందా?

లాయర్

కుదురుతుంది. విడాకులు తీసుకున్నా ఫ్లాట్ ఉమ్మడిగానే ఉంచుకోవచ్చు. కాకపోతే షరతులు గట్టిగా ఉండాలి. ఏ తేదీకల్లా అమ్మకానికి పెట్టాలి, అప్పటిదాకా ఈఎంఐ, మెయింటెనెన్స్, ప్రాపర్టీ ట్యాక్స్ ఎవరు కట్టాలి, ఒకరు కట్టకపోతే కట్టినవాళ్లకు అమ్మకం డబ్బులోంచి ముందుగా ఎంత మినహాయించాలి, ఇవన్నీ పిటిషన్‌లో ఉండాలి. ధర ఎలా నిర్ణయించాలో రాయడం చాలామంది మర్చిపోతారు, గొడవ అక్కడే మొదలవుతుంది. ఇద్దరూ ఒప్పుకున్న వాల్యుయర్ చెప్పిన రేటుకు తగ్గకూడదని రాయించండి. అమ్మినప్పుడు ధర 50 లక్షలు దాటుతుంది కాబట్టి కొనేవాళ్లు 1 శాతం టీడీఎస్ (ముందుగానే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు, ఎవరి వాటా మేరకు వాళ్ల పాన్ మీద పడేట్టు చూసుకోండి.

లాయర్ ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇస్తారు, ఫోన్ నంబరు 15100. పెద్దమనుషులు మళ్లీ ఫోన్ చేస్తే "కాగితాలు లాయర్ దగ్గరున్నాయి" అనండి చాలు. ఈ వారంలో సేల్ డీడ్ సర్టిఫైడ్ కాపీ, తాజా ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి.

రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి

లోన్ స్టేట్‌మెంట్ కూడా తీసుకోండమ్మా, మొదటి ఈఎంఐ నుంచి. కో-అప్లికెంట్‌గా మీరూ అడగొచ్చు, ఆయన రానక్కర్లేదు.